వెనక తలుపు తాళం

ఆ తాళం వేయించింది నువ్వు, మేనేజరూ. గేటు దగ్గర నిలబెట్టినవాడి చేతికి తుపాకీ ఇచ్చింది నీ కాంట్రాక్టరు. ప్రాణభయంతో వచ్చిన మనిషిని "ఇంటికెళ్లి సర్దుకోమ్మా" అని వాడి వెంటే పంపింది స్టేషను. ఇప్పుడు మీరంతా కలిసి పేపర్లో ఒక్క ముక్క రాయించారు. మొగుడూ పెళ్లాల గొడవలో అడ్డం వెళ్లి ఒక ముసలామె చనిపోయిందట.

అడ్డం వెళ్లింది నిజమే. ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో మీరు రాయించలేదు. మేం చెప్తాం. ఎవరు చెప్తున్నారని అడగొద్దు. ఆ హాల్లో పనిచేసే ప్రతి మనిషీ చెప్తున్నట్టే లెక్క.

మాది ఆసుపత్రుల బట్టలు ఉతికే ఫ్యాక్టరీ. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, వాళ్ల కింద పరిచిన దుప్పటి మా చేతుల్లోంచే పోతుంది. పొడుగాటి హాలు. ముందు తలుపు పక్కన మడతల బల్ల. మధ్యలో ఆవిరితో కాలే ఇస్త్రీ రోలర్లు. ఆ వెనక ఉతికే డ్రమ్ములు, బాయిలరు గది. అన్నిటికీ చివర, పెరట్లోకి వెళ్లే ఇనప తలుపు. ఆ తలుపుకు ఎప్పుడూ తాళమే. దుప్పట్లు దొంగిలిస్తామట మేము. చీము మరకల దుప్పటి ఎత్తుకుపోయి ఏ పెళ్లికి కట్టుకుంటామో మరి.

డ్రమ్ములు తిరుగుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మేం చేతులతో మాట్లాడుకుంటాం. వేలితో నుదురు గీసుకుంటే తల తిరుగుతోంది, నా రోలరు కాసేపు చూడు అని. బుగ్గలు పూరించి పొట్ట ముందుకు తోస్తే మేనేజరు. రెండు చేతులూ జోడించి చెంప కింద పెట్టుకుంటే యూనియను. ఇది బాయిలరు బాబాయ్‌కి తెలిసి చాలా రోజులు అలిగాడు, ఎందుకంటే యూనియను ఉపాధ్యక్షుడు ఆయనే.

అన్నిటికంటే పాత సైగ ఇంకొకటి ఉంది. దాన్ని పెట్టింది మడతక్క. ముందు తలుపు పక్కన మడతల బల్ల ఆమెదే. పైవాడెవడైనా తలుపు తోసుకుని లోపలికి వస్తే ముందు ఆమెకే కనిపిస్తాడు. వెంటనే ఒక దిండు గలీబు తీసి ఎడమ భుజం మీద వేసుకునేది. అది చూసి మొదటి రోలరు మనిషి తన భుజం తట్టుకునేది. ఆమెను చూసి రెండో రోలరు. గాలి వీస్తే వరి చేను వంగినట్టు హాలంతా తలలు వంగేవి. చేతులు జోరందుకునేవి. తల దించు, పని చెయ్యి, ఎవరి కళ్లలోకీ చూడకు. ఎన్నో తిట్ల నుంచి ఆ గలీబు మమ్మల్ని కాపాడింది. అందుకే దాన్ని నమ్మాం.

మడతక్క మాలో చాలామందికి అమ్మ వయసు. అయినా అక్కా అంటేనే పలికేది. ఎవరైనా నోరు జారి అమ్మా అంటే, "నేను కన్నవాళ్లే అనరు, నీకెందుకే ఆ కష్టం" అనేది.

మూడో రోలరు మీద పనిచేసే అమ్మాయిని పిచ్చుక అంటాం. మనిషి పిడికెడు. మాటలు గంపెడు. నోరు పనిచేయని హాల్లో చేతులతో అంత వాగిన మనిషిని మేం చూడలేదు. దుప్పటి రోలరులోకి పోయి వచ్చే సందులో ఒక కథ చెప్పేసేది. ఆమె మొగుడు మా గేటు కాపలావాడు. పిచ్చుక మాకు చెల్లెలు కాబట్టి వాడు మరిది వరస. కానీ మొదటి రోజే మడతక్క తేల్చేసింది. "చేతిలో తుపాకీ ఉన్నవాడు మరిదైనా బావేనే." అప్పటినుంచి వాడు గేటు బావ అయ్యాడు. వాడూ నవ్వేవాడు.

తుపాకీ సంగతి కూడా చెప్పాలి. మేం సమ్మె చేయకముందు గేటు దగ్గర లాఠీ ఉండేది. సమ్మె అయ్యాక రెండు గొట్టాల తుపాకీ వచ్చింది. దొంగల కోసమన్నారు. మా వైపు తిప్పి నిలబెట్టారు.

పిచ్చుక చేతులు మాట్లాడటం తగ్గించింది ఎప్పుడో ఎవరం గమనించలేదు. ఆవిరిలో మేమంతా చేతులు మడిచి పనిచేస్తుంటే ఆమె పొడుగు చేతుల జాకెట్టు వేసుకొచ్చేది. టీ దగ్గర తలుపుకు వీపు పెట్టి కూర్చునేది కాదు. ఇంటికి వెళ్లే వేళకు పని లేకపోయినా ఏదో సర్దుతూ ఉండేది. ఒక రోజు మెడ తిప్పలేక మొత్తం మనిషే తిరిగింది. జారి పడ్డానక్కా అంది. డ్రమ్ముల దగ్గర పనిచేసే వదిన, గట్టి నోరున్న మనిషి, మొహం మీదే అడిగింది. "మెట్లు లేని ఇంట్లో రోజూ ఎక్కణ్ణుంచి జారతావే?" పిచ్చుక నవ్వింది. నవ్వితే పెదవి చిట్లి రక్తం వచ్చింది.

ఆ వారమే ఆమె ఇల్లు వదిలి మడతక్క గదికి వచ్చేసింది. ముందు స్టేషనుకు వెళ్లింది. అక్కడ వాణ్ణి పిలిపించి ఇద్దరికీ నీతులు చెప్పి, ఇంటి గుట్టు లంకకు చేటని సామెత కూడా చెప్పి, ఒకే ఆటోలో ఎక్కించి పంపారు. ఆటో మలుపు తిరిగాక ఆమె దూకేసింది.

కాపురం వదిలితే దెబ్బలు ఆగుతాయని మేం అనుకున్నాం. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కొట్టేవాడు అన్నిటికంటే ప్రమాదంగా మారేది ఆమె గడప దాటాకే. వాడి చేతిలో వస్తువు జారిపోయిందని వాడికి తెలిసేది అప్పుడే.

మర్నాడు గేటు బావ గేటు వదిలి హాల్లోకి వచ్చాడు. భుజాన తుపాకీ ఉంది. మడతక్కకు ముందు కనిపించింది యూనిఫారం. ఆమె చెయ్యి ఆలోచించలేదు. గలీబు భుజం మీదికి వెళ్లింది. మొదటి రోలరు భుజం తట్టుకుంది. రెండోది తట్టుకుంది. హాలంతా వంగింది.

వంగిన తలల మధ్యలోంచి వాడు తీరిగ్గా నడిచి వెళ్లాడు. ఎవరూ అడ్డు రాలేదు, ఎవరూ చూడలేదు కాబట్టి. మూడో రోలరు దగ్గర ఆగి పిచ్చుక మణికట్టు పట్టుకుని, ఆ అరచెయ్యి కాలుతున్న రోలరు మీద అదిమాడు. ఆమె అరిచే ఉంటుంది. డ్రమ్ములు తిరుగుతున్నాయి. తర్వాత ఏదో ఆమె చెవిలో చెప్పి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మాకు ముందు తెలిసింది వాసన. దుప్పటి వంకరగా వెళ్లి రోలరుకు చుట్టుకుని మాడుతోంది. తలలెత్తి చూస్తే పిచ్చుక నేల మీద కూర్చుని, కాలిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, పసిపిల్లను ఊపినట్టు ఊపుతోంది. మడతక్క భుజం మీద గలీబు ఇంకా అలాగే ఉంది.

మేమంతా మేనేజరు గదికి వెళ్లాం. అడిగినవి పెద్ద కోరికలు కావు. వాణ్ణి గేటు నుంచి మార్చాలి. తుపాకీ తీసేయాలి. పిచ్చుక షిఫ్టు మార్చి, ఆ సంగతి బయటికి చెప్పకూడదు. వెనక తలుపు తాళం తీయాలి. మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు విన్నాడు. గార్డు కాంట్రాక్టరు మనిషి, నాకు సంబంధం లేదన్నాడు. షిఫ్టు మారిస్తే అందరూ అడుగుతారన్నాడు. తలుపు తాళం తీస్తే దుప్పట్లకు కాళ్లొస్తాయన్నాడు. చివరికి ఆమె వైపు తిరిగి, చెయ్యి బాగయ్యేదాకా జీతం లేకుండా ఇంట్లో ఉండమన్నాడు. ఏ ఇంట్లో అని డ్రమ్ముల వదిన అడిగింది. ఆయనకు ఫోనొచ్చింది.

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. మా మేనేజరు కాకికి అదే ముద్ద. చేతి కట్టుతోనే పిచ్చుక మర్నాడు పనికొచ్చింది. పని మానేస్తే తినేదేమిటి?

సాయంత్రం సైకిళ్ల షెడ్డులో యూనియను మీటింగు పెట్టాం. మీటింగు అనడం కంటే తిట్లాట అనడం నయం. బాయిలరు బాబాయ్ ముందే చేతులెత్తేశాడు. యూనియను ఉన్నది యాజమాన్యంతో కొట్లాడటానికి, కాపురాలు చక్కదిద్దడానికి కాదన్నాడు. ఇవాళ ఒక ఇంట్లో దూరితే రేపు సగం మంది మగవాళ్లు యూనియనుకు చందా కూడా ఇవ్వరన్నాడు. ఆ మాటకు చాలామంది మగవాళ్లు నేల చూశారు. కొందరు తలూపారు.

"వాడూ కూలీయే కదమ్మా," అన్నాడు బాబాయ్. "వాడికీ కాంట్రాక్టరు సరిగ్గా జీతమివ్వడు. ఆ కడుపుమంట ఎక్కడో కక్కుతాడు."

డ్రమ్ముల వదిన లేచింది. "జీతమివ్వంది కాంట్రాక్టరు. మంటుంటే పోయి కాంట్రాక్టరు జుట్టు పట్టుకోమను. పెళ్లాం జుట్టు చేతికి అందుతుందనేగా ఇది పట్టుకున్నాడు? నీకు మేనేజరు మీద కోపమొస్తే నువ్వూ ఇంటికెళ్లి పిన్నినే కొడతావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయ్ మొహం కందగడ్డయింది. కాపలావాడే ఇట్లా తయారైతే ఏం చేస్తామమ్మా, కంచే చేను మేసినట్టుందని గొణిగాడు.

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మడతక్క తల ఎత్తింది. "కంచె మన కోసం వేసింది కాదురా. మన చుట్టూ వేసింది."

పిచ్చుక నిలబడింది. ఆమె గొంతు మాలో చాలామందికి కొత్త. చేతులే తెలుసు మాకు.

"రోలరు మీద చెయ్యి పెట్టినప్పుడు నా చెవిలో ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు," అంది. "నిన్ను వెతకాల్సిన పని నాకు లేదు, రోజూ నా గేటులోంచే పోవాలి నువ్వు, అన్నాడు. ఇల్లు వదిలి దాక్కోవచ్చు బాబాయ్. పని ఎక్కడ దాచను?"

బాబాయ్ చాలాసేపు తన సైకిలు గంట మీద వేలు పెట్టుకుని ఉన్నాడు, కొట్టకుండా. తర్వాత ఆయన అన్న మాట మీటింగు మాటలా లేదు. "మెయిన్ స్విచ్చి నా గదిలో ఉంది. ఏం చూసి ఆపమంటారు?"

అక్కణ్ణుంచి తగాదా మారింది. ప్రమాదం వస్తే అందరికీ ఒకేసారి తెలియాలి. అరుపు వినపడదు. గలీబు పనికిరాదు, దాన్ని చూస్తే మేం వంగిపోతాం. రోగం అంటుకునే బట్టలు ఎర్ర సంచుల్లో వస్తాయి. ఎర్ర సంచి కంటపడితే ఎంత జోరులో ఉన్న చెయ్యైనా ఆగుతుంది, ఆగకపోతే ప్రాణానికి ముప్పని పనిలో చేరిన రోజే నేర్పుతారు. మడతక్క దగ్గర ఒక ఖాళీ ఎర్ర సంచి పెడదాం అంది పిచ్చుక. అది పైకి లేస్తే చేతులు వదిలేయాలి, తల ఎత్తాలి, వెనక తలుపు వైపు పరుగెత్తాలి. బాబాయ్ అది చూడగానే కరెంటు ఆపాలి. పని ఆపితే సమ్మె అంటారని ఒకడు భయపడ్డాడు. అననీ, మన మీద ఆ మాట పాతదే కదా అని బాబాయే అన్నాడు.

టీ వేళలో సాధన చేశాం. ఇది చెప్తే నవ్వుతారు, మేమూ నవ్వాం, తర్వాత నవ్వు రాలేదు. మడతక్క ఎర్ర సంచి పైకెత్తగానే సగం మంది తలలు దించారు. డ్రమ్ముల వదినంతటిది కూడా. మెడలు ఆమె మాట వినలేదు. ఎన్నేళ్లుగానో వంగడమే నేర్చుకున్న మెడలు మరి. మళ్లీ చేశాం. మళ్లీ కొందరు వంగారు. తల ఎత్తడం నేర్చుకోవడానికి మాకు చాలా టీలు చల్లారిపోయాయి.

ఇక తాళం. తీస్తేనే రోలరు తిరుగుతుందని ఒక ఉదయం అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. లోపల తడి బట్టలు గుట్టలు పడ్డాయి. ఆసుపత్రుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి మేనేజరు స్వయంగా వచ్చి తాళం తీశాడు. అప్పటినుంచి షిఫ్టులోకి రాగానే ఒక్కొక్కరం వెళ్లి ఆ తలుపు లాగి చూసి, తర్వాతే రోలరు దగ్గరికి వెళ్లేవాళ్లం. గేటు మాత్రం మారలేదు. తుపాకీ మారలేదు. వాడు మారలేదు.

మారాడని కొందరన్నారు. నిజంగానే ఆ రోజుల్లో వాడు మెత్తబడ్డాడు. అక్కా బాగున్నావా అని పలకరించేవాడు. తన సైకిలు తోటి గార్డుకు ఊరికే ఇచ్చేశాడు. ఇక నాకెందుకులే అన్నాడట. తాను పెంచుకునే కుక్కను ఎవరికో అప్పజెప్పాడు. బుద్ధొచ్చింది పాపం, ఒక మాట అనుకుని కలిసిపోండి అని పిచ్చుకకు చెప్పినవాళ్లు కూడా ఉన్నారు.

ఆ ఉదయం పిచ్చుక హాల్లోకి వచ్చి మడతల బల్ల పట్టుకుని నిలబడిపోయింది. మొహంలో రంగు లేదు. యంత్రాలు ఇంకా మొదలవలేదు కాబట్టి ఆమె మాట వినపడింది.

"నవ్వుతూ గేటు తీశాడక్కా. లోపలికి వెళ్లు, వస్తాను, అన్నాడు."

మడతక్క ఎర్ర సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. మేనేజరుకు చెప్పమని ఒకరిని పంపాం. ఆయన ఇంకా రాలేదన్నారు. స్టేషనుకు ఫోన్ చేశాం. ఏమన్నా చేశాడా అని అడిగారు. ఇంకా లేదన్నాం. చేస్తే చెప్పండన్నారు. వెళ్లి వెనక తలుపు లాగి చూశాం. తెరుచుకుంది. ఆ ఒక్క ధైర్యంతో పని మొదలుపెట్టాం.

మాకప్పుడు తెలియంది ఒకటుంది, తర్వాత ఆఫీసు గుమాస్తా నోటే తెలిసింది. మేనేజరు కాసేపటికి వచ్చాడు. ఏదో ఆసుపత్రి వాళ్లు దుప్పట్లు తగ్గాయన్నారట. మా మాట ఆయన చెవిన పడింది కూడా. గేటు బావ తీరు బాగోలేదని, పిచ్చుక భయపడుతోందని ఆ గుమాస్తాయే ఆయనకు చెప్పాడు. చూద్దాంలే అని, ముందు పెరట్లోకి మనిషిని పంపి, వెనక తలుపుకు బయట నుంచి గొలుసు చుట్టించి తాళం వేయించాడు. డ్రమ్ములు తిరుగుతున్నాయి. గొలుసు చప్పుడు మాకేం వినపడుతుంది?

వాడు వచ్చాడు. ఈసారి తుపాకీ భుజాన లేదు. రెండు చేతుల్లో ఉంది.

మడతక్క చెయ్యి గలీబు దాకా వెళ్లింది. మొదటి రోలరు మనిషి కళ్లారా చూసింది. ఆ చెయ్యి గలీబును తాకి, నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చి, ఎర్ర సంచి పట్టుకుని లేచింది. చెయ్యి ఎంతెత్తుకు వెళ్తుందో అంతెత్తుకు.

హాలంతా తల ఎత్తింది. ఒక్కరు కూడా వంగలేదు.

కరెంటు పోయింది. డ్రమ్ములు మూలుగుతూ ఆగిపోయాయి. పని మధ్యలో ఆ హాల్లో నిశ్శబ్దం మేమెవరమూ ఎరగం. మొట్టమొదట మాకు వినపడింది వాడి బూట్ల చప్పుడు.

పిచ్చుకను ముందు తోసి వెనక తలుపు వైపు పరుగెత్తాం. ఆమె వెళ్లి లాగింది. కదల్లేదు. కాలు తన్నిపెట్టి లాగింది. సందులోంచి గొలుసు కనిపించింది. ఆమె వెనక్కి తిరిగి మావైపు చూసిన చూపు, మేనేజరూ, నీ తలకింద దిండులో ఉండాలి, నువ్వు పడుకున్న ప్రతిసారీ.

బాబాయ్, బట్టలు మోసేవాళ్లు కలిసి తడి దుప్పట్ల ట్రాలీ వెనక్కి లాగి తలుపును గుద్దారు. తలుపు ఊగింది, ఊడలేదు. మళ్లీ వెనక్కి లాగారు. వాడు రోలర్లు దాటాడు. నాకు మీతో పని లేదు, తప్పుకోండి అన్నాడు. మామూలుగానే అన్నాడు, గేటు దగ్గర దారి ఇవ్వమన్నట్టు. ఎవరూ తప్పుకోలేదు. తప్పుకోవాలని అనిపించలేదని ఎవరూ గొప్పలు పోవడం లేదు. అయినా పక్కమనిషి చెయ్యి పట్టుకుని ఉన్నాం, చెయ్యి వదిలితే సందు పడుతుంది. డ్రమ్ముల వదిన పక్కమనిషి చేతిలో గోళ్లు దిగబడ్డ మచ్చ ఇంకా ఉంది.

వాడు గురి పెట్టాడు.

మడతక్క ఉన్నది ముందు తలుపు పక్కన. వాడు ఆమెను దాటి వచ్చేశాడు. ఆమె వెనకే ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. రెండడుగులు వేస్తే బయట ఎండలో ఉండేది. ఆమె రెండడుగులు వేసింది. ఇటు, లోపలికి.

"మరిదీ," అని పిలిచింది. బావ అనలేదు. "ఇటు చూడు మరిదీ."

పనివేళ ఆ హాల్లో ఆమె గొంతు వినడం మాకదే మొదటిసారి. వాడు తిరిగాడు. ఎందుకు తిరిగాడో తెలియదు, వరస పెట్టి పిలిస్తే తిరిగే అలవాటేమో. తిరిగి కాల్చాడు.

అదే క్షణంలో ట్రాలీ రెండోసారి గుద్దింది. గొలుసు తెగలేదు, తలుపే బందులతో సహా ఊడి బయటికి పడింది. వెలుతురు లోపలికి పడింది. పిచ్చుక బయట పడింది, వెనకే మేము. రెండో గుండు ఒక బట్టల మోతగాడి భుజం చీల్చింది. రెండు గొట్టాలూ ఖాళీ అయ్యాక వాడు జేబులో చెయ్యి పెట్టేలోపు బాబాయ్, ఇంకొందరు వాడి మీద తడి దుప్పటి పడేసి నేలకు అదిమారు. వాడు బతికే ఉన్నాడు. జైల్లో ఉన్నాడు.

మడతక్క మడతల బల్ల దగ్గర పడి ఉంది. ఎర్ర సంచి చేతిలోనే ఉంది. ఆమె మీద కప్పడానికి దుప్పటి కోసం చూశాం. హాలంతా దుప్పట్లే. అందులో ఆమె మడిచినవే తీసి కప్పాం.

పోలీసులు, చేస్తే చెప్పమన్నవాళ్లు, వచ్చారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగినట్టు అందరినీ ప్రశ్నలడిగారు. తాళం ఎవరు వేశారని మాత్రం అడగలేదు. తలుపు ఎవరు విరగ్గొట్టారని అడిగారు. కంపెనీ ఆస్తి పాడుచేశాడని, అనుమతి లేకుండా కరెంటు ఆపాడని బాబాయ్‌ని జీపెక్కించారు. జీపులోంచి ఆయన మావైపు చూసి రెండు చేతులూ చెంప కింద పెట్టుకోబోయాడు. బేడీలు ఉన్నాయి. అయినా మాకు అర్థమైంది. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత కంపెనీ తన పని తాను చేసుకుంది. కొత్త తలుపు బిగించారు. కొత్త తాళం వేశారు. గేటు దగ్గర కొత్త గార్డు, చేతిలో కొత్త తుపాకీ. ఇవాళ ఉదయం మేమంతా గేటు ముందు నిలబడి ఉంటే మేనేజరు లోపలినుంచి మైకులో మాట్లాడాడు. ఇంటి గొడవలు పనిచోటికి తెచ్చి ఒకరి చావుకు కారణమైందని పిచ్చుకను పనిలోంచి తీసేశామన్నాడు. మిగిలినవాళ్లు లోపలికి రావచ్చన్నాడు. రానివాళ్ల సంగతి రేపు చూస్తానన్నాడు.

పిచ్చుక మా మధ్యలో ఉంది. నేనెళ్లిపోతానక్కా, మీరు వెళ్లండి, అని చేతులతో చెప్పింది. నా వల్లే కదా, అన్నాయి ఆ చేతులు. ఒకటి బాగున్నది, ఒకటి కాలింది. డ్రమ్ముల వదిన ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించేసింది.

రెండో రోలరు మీద ఒక మనిషి ఉంది. పిచ్చుక పక్కనే ఏళ్ల తరబడి పనిచేసినా చేతులతో కూడా పెద్దగా మాట్లాడదు. మేమంతా ఆమెకు పెట్టిన పేరు మూగమ్మ. ఆమె గేటు దగ్గరికి నడిచి వెళ్లింది. కొత్త గార్డు తుపాకీ కొంచెం పైకి లేపాడు. ఆమె దాన్ని చూసింది, తర్వాత మైకు వైపు చూసింది.

"నా మొగుడూ కొడతాడు," అంది. "మా ఇంట్లోనూ గొడవే. నన్నూ తీసెయ్యి."

వెనకనుంచి ఇంకో గొంతు, నన్నూ తీసెయ్యి అంది. ఇంకొకటి. మా అల్లుడు, అందొకామె. మా నాన్న, అందొక అమ్మాయి. బట్టలు మోసే ఒకతను, భుజానికి కట్టుతో, తల వంచుకోబోయి ఎత్తి, "నేను కొట్టాను. ఇక కొట్టను. నన్నూ తీసెయ్యి," అన్నాడు. ఎవరూ అతన్ని మెచ్చుకోలేదు. కానీ పక్కన నిలబడనిచ్చారు.

అప్పుడు పిచ్చుక వచ్చి ఆ ఎర్ర సంచి తీసి గేటు చువ్వకు కట్టింది. గుండు పోయిన కంత అలాగే ఉంది దానికి. కాలిన చెయ్యి ముడి వేయలేకపోతే మూగమ్మ సాయం పట్టింది.

మేం ఇక్కణ్ణుంచి కదలం. ముందు పిచ్చుక లోపలికి వెళ్తుంది, ఆమె వెనక మేం వెళ్తాం. బాబాయ్ బయటికి రావాలి. తాళం వేయించినవాడు లోపలికి పోవాలి. ఏ తలుపుకూ తాళం ఉండకూడదు. మా వైపు తిప్పిన తుపాకీ ఏ గేటు దగ్గరా ఉండకూడదు. నన్ను చంపుతానంటున్నాడని ఏ మనిషైనా చెప్తే, ఏమన్నా చేశాడా అని అడగకుండా, ఆ మాటే చాలునని కదలాలి. ఆమె షిఫ్టు మారాలి, జీతం ఆగకూడదు, వాడు ఆ గేటు ఛాయలకు రాకూడదు.

అన్నలారా, అక్కలారా, చదువుకునే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా. మీరు మా గేటుకు రావాలి. రేపు రండి. కానీ వచ్చే ముందు, ఇవాళ, ఒక పని చేయండి. మీరు పనిచేసే చోట, చదివే చోట, మీ పక్కన చేతులు మాట్లాడటం మానేసిన మనిషి ఎవరో చూడండి. దగ్గర కూర్చుని అడగండి. నవ్వి దాటేస్తే మళ్లీ అడగండి. తర్వాత లేచి వెనక తలుపు దాకా నడవండి.

లాగి చూడండి. రాకపోతే తాళంచెవి ఎవడి జేబులో ఉందో కనుక్కుని, షిఫ్టు మొదలవకముందే, అందరూ కలిసి వెళ్లి తీయించండి.